లీవు అడిగిన ఉదయం

పోయిన నెలలో ఒకరోజు నాంపల్లి వెళ్లాను. రంగస్థల కళల డిగ్రీలో చేరాలని వచ్చే పిల్లల నటన చూసి ఎవరిని తీసుకోవాలో చెప్పడానికి ముగ్గురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరిగా రమ్మని నేను చదువుకున్న విశ్వవిద్యాలయం వాళ్లు పిలిచారు. మెట్రో దిగి అక్కడికి చేరేసరికి పది కూడా కాలేదు. పిల్లలు అప్పటికే వరండాలో గోడల వెంట నిలబడి పెదవులు కదుపుతూ తమ మాటలు తాము వల్లె వేసుకుంటున్నారు. వాళ్ల పక్కన తల్లులు, తండ్రులు. ఒక్కొక్కరు లోపలికి వచ్చినప్పుడల్లా తలుపు సందులోంచి ఎవరో ఒకరు తొంగి చూడటం, అటెండరు కసిరితే వెనక్కి తగ్గడం. నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మధ్యాహ్నంలోపు మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్లన్నాను, ఒకసారి ఫోనన్నాను. మూడోసారి లేచి వెళ్లి తలుపు బార్లా తీసి, "చూడాలనుకున్నవాళ్లు లోపలికి వచ్చి కూర్చోండి" అన్నాను. పక్కనున్న కుర్ర ప్రొఫెసరు, "పిల్లలు బెదురుతారేమో మేడమ్" అన్నాడు మెల్లగా. నిజమే. మళ్లీ వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. మా నాన్న పోయి ఏడాదిన్నరైంది. చాలా ఏళ్ల కిందట ఆ తలుపు దగ్గర జరిగిన సంగతి ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనేమోనని రాస్తున్నాను.

అప్పట్లో మేం నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్‌కూ మధ్య ఒక గల్లీలో, పెద్ద ఇంటి వెనక భాగంలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మా వంటింట్లోకి వినబడేది. అమ్మ దవాఖానలో నర్సు. ఆమెది గుంటూరు వైపు. మిషన్ హాస్టల్లో చదివి, ఇరవై ఏళ్లకే ఉద్యోగంలో చేరి, ఈ ఊళ్లో అన్నేళ్లున్నా తన యాస మాత్రం మార్చుకోలేదు. తెల్లచీరలకు గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవడంలోనే ఆమె సెలవు దినం సగం గడిచిపోయేది. ఇంట్లో ఏ బట్ట ముట్టుకున్నా గంజి వాసన, అమ్మను ముట్టుకుంటే స్పిరిట్ వాసన. నాన్నది మెదక్ వైపు. ఒక ప్రభుత్వ ఆఫీసులో, డిస్పాచ్ సెక్షన్లో గుమాస్తా. వచ్చిన ఉత్తరాలను రిజిస్టర్లో ఎక్కించడం, పోయే ఉత్తరాలకు కవర్లు అంటించడం ఆయన పని. బంక, లక్క, స్టాంపు ప్యాడు సిరా కలిసిన వాసన ఆయన చొక్కాలకు ఉతికినా పోయేది కాదు. కుడిచేతి చూపుడు వేలు ఎప్పుడూ ఊదారంగులోనే ఉండేది. ప్రమోషన్ మీద వేరే సెక్షన్‌కు పొమ్మంటే రెండుసార్లు వద్దన్నాడు. అక్కడైతే వచ్చిపోయే మనుషులతో మాట్లాడాలి. నాన్నకు నత్తి.

ఏదో ఒకటి రెండు అక్షరాల దగ్గర తడబడే నత్తి కాదు. మాట గొంతులోంచి బయలుదేరి పెదవుల దగ్గర ఇరుక్కుపోయేది. కళ్లు గట్టిగా మూసుకుని, కుడికాలి మడమతో నేలను తడుతూ, చూపుడు వేలితో తొడమీద కొట్టుకుంటూ ఆ మాటను బయటికి లాగేవాడు. పాట పాడితే మాత్రం ఒక్క అక్షరం తడబడేది కాదు. ఉదయం ఐదున్నరకు, అమ్మ డ్యూటీకి బయలుదేరకముందు, ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది. ప్రార్థన అమ్మ చేసేది, పాట నాన్న ఎత్తుకునేవాడు. చాపమీద గోడకానుకుని, కళ్లు తెరిచే పాడేవాడు. చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో అందరికన్నా కింది స్థాయి గొంతు ఆయనది. ఆ గొంతు ఆగిందంటే పాట కింద నేల కుంగినట్టుండేది. పాట అయిపోయాక "చా... చాయ్" అనేవాడు, మళ్లీ అందరికీ తెలిసిన గుమాస్తా అయిపోయేవాడు. నేను ఒక్కదాన్నే సంతానం. నాకు మాటలు తొందరగా వచ్చాయని అమ్మ గొప్పగా చెప్పుకునేది. రాక ఏం చేస్తాయి? దుకాణాల్లో నాన్న మొదలుపెట్టిన మాటను పూర్తి చేయడం ఊహ తెలిసినప్పటి నుంచీ నా పనే. ఆయన "ప... ప..." అనేలోపే "కిలో పప్పు ఇవ్వండి" అనేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఇంటికొచ్చాక, ఆయన అడగబోయింది పల్లీలని తేలిన రోజులు ఎన్నో ఉన్నాయి.

ఇతరుల మాటను నా నోట్లో పెట్టుకోవడం నాకు అట్లా అలవాటైంది. మా పాస్టరుగారు ప్రసంగం మధ్యలో కళ్లద్దాలు సర్దుకోవడం, ఇంటి ఓనరమ్మ ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో తిట్టడం, ట్యూషన్ టీచరు చాక్‌పీస్ విరిచి పిల్లలమీద వేయడం, అన్నీ చేసి చూపించేదాన్ని. క్రిస్మస్ నాటకాల్లో గొర్రెల కాపరి వేషం వేసినా జనం నావైపే చూడాలని ఏదో ఒకటి చేసేదాన్ని. ఇంటర్ అయిపోయాక ఒకరోజు పేపర్లో, మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలోనే నాటకాలు నేర్పే డిగ్రీ ఉందని చదివాను. ఇంట్లో చెప్పకుండా అప్లికేషన్ పెట్టాను. ఎంపిక పరీక్షకు రమ్మని కార్డు వచ్చిన రోజు అన్నం దగ్గర యుద్ధమైంది.

"నాటకాల్లో డిగ్రీ ఏంటే?" అంది అమ్మ. "రేపు ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే ఏం చెప్పను? వేషాలేస్తోందని చెప్పనా? నర్సింగులో చేరు, నేను మాట్లాడతాను."

"నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయమ్మా."

"నాకూ తిరిగేవి. అన్నం తినాలంటే అవే అలవాటవుతాయి."

నాన్న పళ్లెంలోంచి తల ఎత్తి, "పో... పోనియ్యి" అన్నాడు.

"మీకు తెలీదండీ, మీరూరుకోండి."

"పోనియ్యి. చూ... చూసుకోనియ్యి." నాన్న అంత మాట్లాడితే మా ఇంట్లో అది పెద్ద ఉపన్యాసం కింద లెక్క. అమ్మ చివరికి మెత్తబడింది. ఒంటరిగా పోవద్దని, తానే లీవు పెట్టి తోడు వస్తానని అంది. కానీ ముందురోజు సాయంత్రం దవాఖానలో ఇద్దరు నర్సులు జ్వరమని రాకపోవడంతో అమ్మ లీవు రద్దయింది. "ఇది దేవుని చిత్తమనుకుని మానెయ్" అని ఆమె అంటుండగానే నాన్న, "నే... నేను పోత" అన్నాడు. ఒక చిక్కుంది. నాన్న ఆఫీసులో కొత్తగా వచ్చిన అధికారి, ఎవరైనా సరే అప్పటికప్పుడు లీవు కావాలంటే పొద్దున్నే ఫోన్ చేసి స్వయంగా తనకే చెప్పాలని రూలు పెట్టాడు. చీటీ పంపితే ఒప్పుకోడు. నాన్న అన్నేళ్ల ఉద్యోగంలో ఫోన్ చేసి ఎవరినీ ఏమీ అడగలేదు.

మర్నాడు ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లాం. అద్దాల గది, దాని తలుపు సరిగ్గా పడదు. మా వెనక ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె నిలబడ్డారు. నాన్న నంబరు తిప్పాడు. నేను బూత్ ఆనుకుని నిలబడి ఉన్నాను. "న... న... న..." అని మొదలైంది. నమస్తే సార్ అనాలి. ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. కళ్లు మూసుకున్నాడు. మడమ నేలను తట్టడం మొదలైంది. వెనక కుర్రాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు, "క్యాసెట్ ఇరికింది రా" అన్నాడు. బూత్ ఆయన "జర జల్దీ భయ్యా" అన్నాడు. లైను కట్ అయింది. నాన్న మళ్లీ తిప్పాడు. నేను అప్పుడు ఏం చేశానంటే, నాలుగడుగులు పక్కకు జరిగి, చెప్పుల దుకాణం అద్దంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియనట్టు, నేను చెప్పులు కొనడానికి వచ్చినట్టు. ఆయన మాటలు నాకు వినబడలేదు. అద్దంలో ఆయన మడమ, చూపుడు వేలు, మెడమీద ఉబ్బిన నరం మాత్రం కనబడుతున్నాయి. చాలాసేపు పట్టింది. బయటికి వచ్చి, చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, "దొ... దొరికింది. పా, పోదం" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నేను "ఆలస్యమైపోయింది నాన్నా" అని ముందు నడిచాను.

ఎంపిక జరిగే హాలు పై అంతస్తులో ఉంది. నాన్నను వరండాలో కూర్చోమని, నా సర్టిఫికెట్ల ఫైలు ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లాను. పొడుగు బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మది వరంగల్ అని మాటలో తెలిసిపోతోంది. నేను ఒక పౌరాణిక నాటకంలోని రాణి మాటలు నేర్చుకుని వెళ్లాను. అమ్మ యాసలో, రేడియోలో విన్న పద్ధతిలో, చేయి చాచి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఒకాయన కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఇంకొకాయన కాగితం మీద ఏదో గీతలు గీసుకుంటున్నాడు. "చాలమ్మా" అంది ప్రొఫెసరమ్మ. "గొంతు మంచిగుంది. కని ఇది ఎవలి గొంతు? నీదైతె కాదు." నర్సింగు స్కూలు గేటు కళ్లముందు కనబడింది.

"సరే, ఇంకోటి చెయ్" అందామె. "ఒక మనిషి ఫోన్ల ఎవల్నో ఏదో అడుగాలె. అడుగుడు శానా కష్టమైతుంది. అంతే. ఆ మనిషి ఎవలన్నది నీ ఇష్టం."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆలోచించాను. ఏం చేయబోతున్నానో నాకు తెలుసు. బల్లమీది డస్టరు తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. కుడి మడమ నేలను తట్టింది. "న... న... న..." కిటికీలోంచి చూస్తున్నాయన తల ఇటు తిప్పాడు. చూపుడు వేలు తొడమీద కొట్టుకుంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత బలమిచ్చిందో ఇప్పటికీ చెప్పడానికి సిగ్గేస్తుంది. ఇంకా లాగాను. మధ్యలో లైను కట్ చేశాను, మళ్లీ తిప్పాను. వెనక క్యూ వైపు తిరిగి బిక్కముఖం వేశాను. గీతలు గీసుకునే ఆయన పెన్ను కింద పెట్టి, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. వరండావైపు కిటికీ అవతల నిలబడిన పిల్లలూ నవ్వుతున్నారు. ఇక ముగించాలని తెలిసి, "ఏ... ఏం లేదు సార్, వ... వద్దు సార్" అని ఫోన్ పెట్టేసి, డస్టరుకు నమస్కారం చేశాను. ముగ్గురూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర నాన్న ఉన్నాడు.

సర్టిఫికెట్లు అప్పుడే కావాలని అటెండరు ఆయన్ను లోపలికి పంపాడట. ఫైలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "ఎవలు కావాలండీ?" అని ప్రొఫెసరమ్మ అడిగింది. నాన్న నోరు తెరిచాడు. ఒక్క మాట బయటికి వస్తే చాలు, అందరికీ అర్థమైపోతుంది. ఆయనకూ ఆ సంగతి తెలిసినట్టుంది. తెరిచిన నోరు మూసుకుని, ఫైలు ముందుకు చాచి, గడ్డంతో నావైపు చూపించాడు. "మీ బిడ్డనా?" తల ఊపాడు. "శానా మంచిగ చేసిందండీ." నాన్న చేతులు జోడించి, కొంచెం వంగి, వెనక్కి నడుస్తూ తలుపు దాటిపోయాడు.

బయటికి వచ్చాక ఆయన ముందు, నేను వెనక నడిచాం. ఇంటివైపు తిరగకుండా మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్లి, అక్కడ ఇద్దరికీ మామిడి ఐస్‌క్రీం తీసుకున్నాడు. నాది చేతిమీదికి కారిపోయింది. ఆయన మాత్రం తనది మొత్తం తిని, రుమాలు తీసి నా చేతికిచ్చాడు. సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వస్తూనే, "ఏం చేశావే అక్కడ?" అని అడిగింది. నేను నాన్నవైపు చూశాను. "ఫో... ఫోన్ల మాట్లాడే మనిషి లెక్క చేసింది" అన్నాడు నాన్న. "మం... మంచిగ చేసింది."

సీట్లు దొరికినవాళ్ల జాబితాలో నా పేరు మొదటి వరసలోనే ఉంది. అది చూసుకున్న రోజే ప్రొఫెసరమ్మ గదికి వెళ్లి నిలబడ్డాను. "ఆ రోజు తలుపు దగ్గరికి వచ్చింది మా నాన్న మేడమ్. నేను చేసింది ఆయన్నే. నాకీ సీటు వద్దు" అన్నాను. "సీటు నాకు వాపసిస్తె మీ నాయినకు ఏమొస్తది?" అందామె. "నాకెందుకు జెప్తున్నవ్? పొయ్యి ఆయనకు జెప్పు." చెప్పాలనే ఇంటికి వెళ్లాను. చెప్పలేదు. ఆ రోజే కాదు, ఆ మూడేళ్లూ చెప్పలేదు. ఇంట్లో పది నిమిషాలు కూర్చోలేకపోయేదాన్ని. క్లాసు లేకపోయినా క్లాసు ఉందని, రిహార్సల్ లేకపోయినా ఉందని చెప్పి బయట తిరిగేదాన్ని. నేను వేసిన ప్రతి నాటకానికీ నాన్న వచ్చాడు. చివరి వరసలో కూర్చుని, దీపాలు వెలగగానే నా స్నేహితులెవరూ పలకరించకముందే వెళ్లిపోయేవాడు. ఎందుకు వెళ్లిపోతున్నాడో నాకు తెలుసు. ఆగమని నేను అనలేదు.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. నాటక బృందాలు మారాను, కిరాయి ఇళ్లు మారాను, స్కూళ్లలో పిల్లలకు నాటకాలు నేర్పాను. ఎక్కడా రెండేళ్లకు మించి ఉండలేదు. ఈ రోజుల్లో పిల్లలు తమ నటన తామే ఫోన్లో తీసుకుని, నచ్చకపోతే చెరిపేసి, పదిసార్లు తీసి మరీ పంపుతారు. ఎంపికకు వచ్చేసరికే వాళ్లు తమను తాము బయటి నుంచి చూసుకుని ఉంటారు. మాకు ఆ సౌకర్యం లేదు. చేసింది చేసినట్టే ఉండిపోయేది, చూసినవాళ్ల కళ్లలో. ఈ పిల్లలను చూస్తే ఒక్కోసారి అసూయ కలుగుతుంది. ఒక్కోసారి, చెరిపేయడం అంత సులువైతే నాన్నతో ఆ మాట ఎప్పటికీ మాట్లాడేదాన్ని కాదేమో అనిపిస్తుంది.

మాట్లాడింది నాన్న రిటైరయ్యాక, ఒక ఆదివారం. చర్చి నుంచి వస్తూ ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో పాటల పుస్తకాలు వెతకడం ఆయనకు అలవాటు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. ఎండ ఎక్కువై, మూసి ఉన్న ఒక దుకాణం మెట్లమీద కూర్చున్నాం. నా నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది. "నాన్నా, ఆ రోజు ఫోన్ వేషం వేశాను కదా. తప్పు చేశాను. నన్ను క్షమించు."

నాన్న చేతిలోని పుస్తకం మోకాలిమీద పెట్టుకున్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను.

"న... నవ్వుడు నాకు కొత్త గాదు బిడ్డా. ఇస్కూల్ల నవ్విన్రు. ఆ... ఆఫీసుల నవ్విన్రు. గా బూతు కాడ పోరగాండ్లు నవ్విన్రు. దా... దానికేంది." పుస్తకం అట్టమీది దుమ్ము చేత్తో తుడిచాడు. "ఇంకోటున్నది."

"ఏంది నాన్నా?"

"నీ ఆ... ఆటల గా మనిషికి లీవు దొరకలే. ఫోన్ పెట్టేసిండు. నా... నాకు దొరికింది గద. ఇడువకుంట అడిగిన, దొరికింది. గది ఎందుకు తీ... తీసేసినవ్?"

అన్నేళ్లుగా నేను భయపడిన ప్రశ్నల్లో ఇది లేదు. "దొరికితే ఎవరూ నవ్వరు నాన్నా" అన్నాను.

ఆయన దాని గురించి నిజంగానే ఆలోచించాడు. "ఔ" అన్నాడు చివరికి. "గ... గప్పుడు నవ్వరు."

లేచి కోఠి వైపు నడిచాం. బస్‌స్టాప్‌లో నీడ ఉన్నచోట నిలబడ్డాక, నేను అడగకుండానే మళ్లీ మొదలుపెట్టాడు. "గా దినం అంతసేపు ఎందుకు ప... పట్టిందనుకున్నవ్? నేనడిగింది రెండు దినాలు. సార్ ఒకటే ఇస్తనన్నడు. నేను ఇడువలే, రెండు ఇ... ఇచ్చిండు. ఒ... ఒకటి పరీక్షకు. ఇంకోటి, నీకు సీటు రాదని తెలిస్తె నువ్వు ఏ... ఏడుస్తవు, మీ అమ్మ డ్యూటీల ఉంటది, ఇంట్ల ఎవలో ఒకలు ఉండాలె గద."

ఎంపిక పరీక్ష జరిగిన మర్నాడు నేను ఇంట్లో లేను. నాన్న ముఖం చూడలేక పొద్దున్నే బయటపడి, కోఠి అంతా తిరిగి, చాదర్‌ఘాట్ వంతెన దాకా పోయి, మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చి, ఎక్కడా కూర్చోకుండా సాయంత్రం దాకా గడిపాను. ఇల్లు చేరేసరికి నాన్న గడప దగ్గర కుర్చీ వేసుకుని, గల్లీ మొదటివైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆఫీసుకు ఎందుకు పోలేదని కూడా నేను అడగలేదు.